రెండు వేళ్ళ పలకరింపు

చెయ్యెత్తలేదు. ఐదు మోటారుసైకిళ్ళు వరసగా ఎదురొచ్చాయి. ఐదుగురూ ఎడమ చెయ్యి కిందికి జార్చి రెండు వేళ్ళు విప్పి పలకరించారు, ఆఖరివాడైతే మెడ తిప్పి మరీ చూశాడు. ఈ మహానుభావుడు మాత్రం హ్యాండిల్ మీద చెయ్యి హ్యాండిల్ మీదే ఉంచి, కొండలా కూర్చుని కొండెక్కుతున్నాడు. వెనక సీట్లో పెళ్ళాం రెమెదియోస్ హెల్మెట్ లోపలే పళ్ళు కొరికింది. సరే, అలిగాడు. ఎలాదియో అలిగితే తిండి మానడు, మాట మానడు, నిద్ర అసలే మానడు, ఎదురొచ్చే మోటారుసైకిళ్ళకి చెయ్యెత్తడం మానేస్తాడు. పద్దెనిమిదేళ్ళ కిందట వాళ్ళమ్మ వండిన పప్పులో ఉప్పెక్కువైందని ఆమె అన్నందుకు బెనవెంతె నుంచి సమోరా దాకా ఇలాగే బిగుసుకుని నడిపాడు. ఎదురొచ్చినవి పద్నాలుగు బళ్ళు, ఆమె లెక్కపెట్టింది. పద్నాలుగోవాడి మీద జాలిపడి వెనకనుంచి తనే రెండు వేళ్ళు ఊపితే, బండి పక్కకి తీసి ఆపి మరీ అన్నాడు, "పలకరింపు నడిపేవాడిది రేమె, వెనకున్నవాళ్ళది కాదు." వెనకున్నవాళ్ళది ఏదీ కాదు. వెనకున్నవాళ్ళకి మిగిలేది వీపు. ఇరవయ్యారేళ్ళుగా ఆమె చూస్తున్న దేశం ఆ వీపే. సెలవుల్లో దేశాలు తిరిగొచ్చామని తను పనిచేసే స్కూలు వంటగదిలో చెబితే ఏం చూశావే అంటారు తోటివాళ్ళు. ఏం చూసింది, వీపు చూసింది, వీపుకి కుడిపక్కన కాస్త ఇటలీ, ఎడమపక్కన కాస్త పోర్చుగల్.

హెర్తే లోయ కిందికి కిందికి పోతోంది. ఆకు రాలిన చెర్రీ చెట్లు మెట్లుమెట్లుగా, ఎవరో చీపుళ్ళు తలకిందులుగా పాతినట్టు. తోర్నవాకస్ కనుమ ఇంకా పైన. ఎండ తగిలే మలుపులో రోడ్డు నల్లగా మెరుస్తోంది, నీడ మలుపులో తెల్లగా మెరుస్తోంది, ఆ తెల్ల మెరుపే మంచిది కాదు. చలికి చలించని మనిషి అని మామగారు గర్వంగా చెప్పుకునే కొడుకు ఇవాళ భుజాలు ముడుచుకుని కూర్చున్నాడు, అందులోనూ ఎడమ భుజం కాస్త కిందికి జారి. అదీ అలకే అయ్యుంటుంది. భుజం కూడా అలిగింది. పొద్దున తను అన్న మాట అలాంటిది మరి. అనకుండా ఉండాల్సింది. అనేసింది. అన్నాక అన్నట్టే, హెల్మెట్లోకి ఊదిన గాలిలా మళ్ళీ మొహానికే కొడుతుంది.

ప్లసెన్సియాలో బార్ కౌంటర్ దగ్గర, టమాటా రుద్దిన రొట్టె సగం తిని ఇంకో సగం చేత్తో పట్టుకుని ఉన్నప్పుడు మొదలైంది. "పైన మంచు గట్టిపడిందట. ఇంకో రోజు ఇక్కడే ఉందాం," అంది తను. మాట మామూలుగానే అంది. "ఇవాళ ఐదో తారీఖు. సాయంత్రం ఆరింటికి ఊరేగింపు," అన్నాడు. ఆవిలా అవతల వాళ్ళ ఊళ్ళో బాల ఏసుకి కానుకలు తెచ్చిన ముగ్గురు రాజుల ఊరేగింపు జరుగుతుంది, పన్నెండేళ్ళుగా తెల్లగడ్డం మెల్చోర్ రాజు ఎలాదియోనే. "ముగ్గురున్నారుగా, ఒక్క ఏడు ఇద్దరితో సరిపెట్టుకుంటారు. గడ్డం ఎవడు తగిలించుకున్నా రాజే." "గడ్డం ఎవడైనా తగిలించుకుంటాడు. పిల్లల్ని పేరుపెట్టి పిలిచి మిఠాయి విసరద్దూ? రోజూ నా బస్సెక్కే పిల్లలు వాళ్ళు. ఏ పిల్లకి ఏం కావాలో నాకు తెలుసు." అక్కడ ఆగిపోవలసింది. "నీకు యాభై తొమ్మిది. అట్టముక్క కిరీటం కోసం నన్ను మంచులో చంపుతావా?" అంది. ఆ మాటకే కప్పు పడింది. ఎడమ చేతిలో ఉన్న కప్పు, కాఫీతో సహా, ఆమె చేతి తొడుగుల మీద. అతను పడిన కప్పు వైపు పక్కింటివాళ్ళ కప్పుని చూసినట్టు చూశాడు. "ఓహో, విసరడం దాకా వచ్చిందా," అంది. బార్ ఆయన గుడ్డ తెచ్చాడు. మొగుడి మొహం చూడ్డం ఇష్టంలేక ఆమె పైకి చూసింది, దూలానికి వేలాడే పందితొడల మధ్య గోడ గడియారం, పదికి పావుగంట తక్కువ. ఆ పంది కూడా తనకేసి జాలిగా చూసినట్టనిపించింది, తొడకి కళ్ళు లేకపోయినా.

ఆ తర్వాత బయట తన తొడుగులు తను వేసుకున్నాడు, ఎడమది పళ్ళతో లాక్కుంటూ. అడిగితే ఆమె వేసేది. అడగలేదు. అడగడు. తనూ ముందుకెళ్ళలేదు, ఎందుకెళ్తుంది, తడిసిన తొడుగులు తనవి. ఇంకొకప్పుడైతే పాత వార్తాపత్రిక ఒకటి మడిచి జాకెట్ లోపల గుండెల మీద పెట్టించుకునేవాడు, గాలి దూరకుండా, అది వాళ్ళ నాన్న నేర్పిన విద్య. ఇవాళ అదీ తనే కుక్కుకున్నాడు. ఎవోరాలో కొన్న పోర్చుగల్ పేపరు. ఆయనకి ఆ భాష రాదు. అయినా ఆయన గుండె మీద ఇప్పుడు పోర్చుగల్ వార్తలున్నాయి, తన వార్తలు లేవు. ఒకే సీటు మీద ఒకరికొకరు ఆనుకుని కూర్చుని ఇద్దరి మధ్యా ఇంత ఎడం. ఎడమొహం పెడమొహం అంటారే, మోటారుసైకిల్ మీద అది కుదరదు, ఇక్కడ ఉండేది ఒక మొహం, ఒక వీపు.

మాట్లాడుకునే యంత్రం పనిచేస్తుంటే ఈపాటికి తిట్టుకుని కలిసిపోయేవాళ్ళు. హెల్మెట్లలో పెట్టుకునే ఆ బుల్లి యంత్రం ఎవోరాలోనే ప్రాణం వదిలింది. "ఇరవై ఏళ్ళు అది లేకుండానే కాపరం చేశాం," అన్నాడు ఎలాదియో, అప్పుడు నవ్వుతూనే. తవీరాలో కూడా నవ్వుతూనే ఉన్నాడు. కొత్త సంవత్సరం రాత్రి స్పెయిన్ గడియారం పన్నెండు కొట్టగానే పన్నెండు గంటలకీ అదృష్టం కోసం పన్నెండు ద్రాక్షపళ్ళు మింగారు. పోర్చుగల్ గంట వెనక కదా, గంటాగి ఆ గడియారానికీ ఇంకో పన్నెండు మింగాడు. "రెండు దేశాల అదృష్టం ఒక్కడికే రేమె," అని పొట్ట నిమురుకున్నాడు. రెండు చేతుల్తో నిమురుకున్నాడు. రెండు చేతుల్తో అన్నది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో ఆమెకి తెలియలేదు. ఆ ఆలోచన వచ్చి, కిటికీలోంచి పిట్ట వచ్చినట్టు వచ్చి, వెళ్ళిపోయింది.

టక్. హెల్మెట్ వెళ్ళి హెల్మెట్‌కి తగిలింది. గేరు మార్చాడు, మార్చడం కాదు అది, తన్నడం. ఈ మనిషి గేరు మారిస్తే వెనక కూర్చున్నవాళ్ళ చేతిలో కాఫీ తొణకదని స్నేహితుల్లో పేరు. ఇవాళ గేరుగేరుకీ గుద్దు. కోపం కాలి కిందికి దిగిందన్నమాట. గేరుకీ పోరుకీ తేడా తెలియనివాడు కాదే. మళ్ళీ టక్. క్లచ్ నొక్కకుండా తంతున్నాడు. క్లచ్ మీద కోపమేంటి, పాపం అదేం చేసింది, దాన్ని వాళ్ళమ్మ పప్పు గురించి ఎవరూ ఏమీ అడగలేదే. నవ్వొచ్చింది, నవ్వు గొంతులోనే ఉండగా ముందున్న మీటర్ల దగ్గర ఏదో పచ్చగా మిణుకుమిణుకుమనడం కనబడింది. ఎడమ ఇండికేటరు. ఎడమకి దారి లేదు. ఎడమకి లోయ ఉంది. ఎప్పట్నుంచి కొట్టుకుంటోంది ఇది? పెట్రోలు బంకులోంచి రోడ్డెక్కినప్పుడు వేసింది. అప్పట్నుంచీ ఆర్పలేదు. ఇరవై కిలోమీటర్లు. స్కూలు బస్సులో పిల్లలకి ఇండికేటరు పాఠం చెప్పే మనిషి, మరిచిపోయిన వాళ్ళని చూస్తే హారన్ మోగించి మరీ గుర్తుచేసే మనిషి.

ఆర్పాల్సింది ఎడమ బొటనవేలు.

ఆ వాక్యం ఆమె అనుకోలేదు, దానంతట అదే వచ్చి కూర్చుంది. దాని వెనకే మిగతావి లైను కట్టాయి, స్కూలు వంటగది ముందు పిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ. క్లచ్ ఎడమ చెయ్యి. పలకరింపు ఎడమ చెయ్యి. పళ్ళతో లాక్కున్నది ఎడమ తొడుగు. పడిన కప్పు ఎడమ చేతిది. జారిన భుజం ఎడమది. ఇది కోపమైతే సగం మనిషికే వచ్చిందా కోపం? లేదు, ఉండు, చలి అయ్యుంటుంది. చేతులు కొంకర్లు పోతాయి చలికి, ఎన్నిసార్లు పోలేదు. అయితే కుడిచెయ్యి ఎందుకు పోలేదు, అదేం అల్లుడా? ప్రతి సెప్టెంబరులో స్కూల్లో ప్రథమ చికిత్స క్లాసు పెడతారు, వంటవాళ్ళకీ బస్సు డ్రైవర్లకీ కలిపి. పొట్టి జుట్టు నర్సమ్మ వచ్చి చెబుతుంది. నవ్వమనండి. రెండు చేతులూ ఎత్తమనండి. ఏదైనా మాట్లాడమనండి. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, మందు పనిచేసేది కొన్ని గంటలే. వెనక బెంచీలో ఎలాదియో, "నవ్వమంటే నవ్వని మా ఆవిడకి రోజూ ఇదే జబ్బు," అని అందర్నీ నవ్వించాడు. చేతులెత్తమనండి. ఐదుగురొచ్చి ఎత్తమన్నారు, ఇందాక, ఆ మలుపులో. ఐదుసార్లు అడిగితే ఐదుసార్లూ ఎత్తలేదు. తను అలక అనుకుంది.

మూడు దెబ్బలు. కుడి భుజం మీద ఒకటి కొడితే నెమ్మది. రెండు కొడితే బాత్రూమ్. మూడు కొడితే ఉన్నపళాన ఆపెయ్, ఎందుకని అడక్కు. పెళ్ళయిన ఏడాదే పెట్టుకున్న భాష. మూడు ఇంతవరకూ ఎప్పుడూ కొట్టలేదు. సిసిలీలో గొర్రెలమంద అడ్డొచ్చినప్పుడూ కొట్టలేదు. "నువ్వు మూడు కొట్టిన రోజు నేను బండి అమ్మేస్తాను. నా మీద నమ్మకం పోయినట్టేగా," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ అమ్మేస్తాడు, అలాంటివాడు. ఈ బండి లేకపోతే ఆ వీపు ఏమైపోతుంది, సోఫాకి ఆనుకుని ముసలిదైపోదూ. ఒకవేళ ఇది చలే అయితే. ఒకవేళ నిజంగా అలకే అయితే. మూడు కొట్టి, బండి ఆగి, అతను హెల్మెట్ తీసి ఏంటన్నట్టు చూస్తే, నీకు జబ్బేమో అనుకున్నాను అని చెప్పాలా, కిరీటం మాట అన్న నోటితోనే. పొద్దున నువ్వు ముసలాడివన్నాను, ఇప్పుడు రోగిష్టివంటున్నాను. అతను మళ్ళీ ఈ జన్మలో ఎవరికీ చెయ్యెత్తడు. నీడ మలుపు వచ్చింది. బండి తెల్ల మెరుపు అంచుదాకా వెళ్ళి కుడికి తిరగాల్సింది తిరగలేదు, ఎడమకి, మధ్యగీత వైపు, ఎవరో పక్కనుంచి పిలిచినట్టు జరిగింది. పైనుంచి పాల లారీ. హారన్. లారీ అద్దంలో తన హెల్మెట్ తనకి కనబడేంత దగ్గరగా వచ్చి వెళ్ళింది. ఎలాదియో ఉలిక్కిపడలేదు. లారీవాణ్ణి తిట్టలేదు. ఆ రోడ్డు మీద, ఆ లారీని తిట్టకుండా వదిలిన ఎలాదియో ఎలాదియో కాదు.

కొట్టింది. ఒకటి. రెండు. చెయ్యి గాల్లో ఆగింది, ఆగినంతసేపూ ఇరవయ్యారేళ్ళు ఆగినట్టుంది. మూడు.

ఎందుకని అడగలేదు. మాట మాటే. కుడిచెయ్యి బ్రేకు పట్టింది, కుడికాలు బ్రేకు తొక్కింది, రోడ్డుకి కుడిపక్క కాస్త చదునుగా కంకర పోసిన చోటికి బండి చేరి, క్లచ్ లేక ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోయింది. ఎడమకాలు కింద పెట్టాడు. పెట్టాడనుకున్నాడు. ఆ కాలు అక్కడ లేదు. రెండు వందల ముప్ఫై కిలోల బండి ఏమాత్రం తొందర లేకుండా, ఊరేగింపులో రథంలా, ఎడమవైపుకి వాలి సామాను పెట్టే పక్కపెట్టె మీద పడుకుంది. ఆ పెట్టె వల్లే ఇద్దరి కాళ్ళూ మిగిలాయి. దాని మూత ఊడి, పోర్చుగల్‌లో ఏరి ఏరి కొన్న మిఠాయిలు, ఎర్రవీ పచ్చవీ బంగారు కాగితాలవీ, మంచు మీద చెల్లాచెదురుగా. మెల్చోర్ రాజు తన మిఠాయిలు విసిరేశాడు, ఏరుకునే పిల్లలే లేరు. ఆమె పాక్కుంటూ వెళ్ళి అతని హెల్మెట్ తీసింది. "నవ్వు," అంది. వెర్రిదానిలా చూశాడు. "నవ్వవయ్యా, బతిమాలుతున్నా." నవ్వాడు. కుడిపక్క నవ్వింది. ఎడమ మొహం నవ్వలేదు, కోపంగానూ లేదు, దానికి అసలేమీ లేదు. "బ... బావే... ఉన్నా," అన్నాడు, మాటలు తడిసిన రొట్టెలా. తర్వాత ఒక్కొక్కటే కూడగట్టి, "కొట్టవే...మో అనుకున్నా."

అంటే తెలుసా? తెలిసి నడుపుతున్నాడా? తెలిసి, తను చెప్పకుండా, ఆమె కొడుతుందేమోనని మలుపుమలుపుకీ కాచుకున్నాడా, చూస్తే అటు అలకా కాదు ఇటు చలీ కాదు, ఎదురుచూపు. తిట్టడానికి టైము లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అతన్ని పక్కకి ఒరిగించి తన జాకెట్ తల కింద పెట్టి, అతని జాకెట్లో కుక్కిన పోర్చుగల్ వార్తలు తీసి మీద కప్పి, ఆమె తన హెల్మెట్ తీసుకెళ్ళి రోడ్డు అంచున, బండికి పది అడుగుల వెనక, నేల మీద పెట్టింది. మోటారుసైకిల్ వాళ్ళ లోకంలో నేలమీది హెల్మెట్ అంటే మనిషి కష్టంలో ఉన్నాడని. ఒక కారు వెళ్ళింది. కారువాడికి అది వట్టి హెల్మెట్. చేతులూపితే తనూ చెయ్యూపి వెళ్ళాడు, వెధవ, ఇవాళ పలకరించాల్సినవాళ్ళు తప్ప అందరూ పలకరిస్తున్నారు. గడియారం పదకొండుకి ఐదు తక్కువ. పావు తక్కువ పదినుంచి ఒక గంటా పది నిమిషాలు. ఈ గంటలో తను చేసిందేంటి, తగవుని వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ వీపుని తిట్టుకుంటూ కూర్చుంది.

కిందనుంచి బండి చప్పుడు. ఒకటి కాదు. ఐదు. ముందున్నవాడు హెల్మెట్ చూసే అవసరం కూడా లేనట్టు నేరుగా వచ్చి ఆపాడు. నెరిసిన మీసాలు. ఇందాక మెడ తిప్పి చూసినవాడే. "ఫెర్మిన్ అంటారమ్మా నన్ను. పెద్దాయనకేంటి?" అని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చెప్పింది. అతను వెనక్కి తిరిగి, "ఒరే, కనుమ మీదికి పో, అక్కడ ఫోను తగులుతుంది. పక్షవాతం అని చెప్పు, మళ్ళీ నీ సొంత కవిత్వం కలపకు," అని ఒకణ్ణి పంపాడు. మిగతావాళ్ళు జాకెట్లు విప్పి ఎలాదియో మీద పరిచారు. "మీరు తిరిగెందుకొచ్చారు?" అని అడిగింది ఆమె, ఏదో ఒకటి అడగకపోతే ఏడుస్తానని భయం వేసి.

"పలకరించలేదుగా," అన్నాడు ఫెర్మిన్. "కుర్రాడైతే పొగరనుకుంటాం. ఈ వయసు మనిషి, ఇంత అరిగిన బండి మీద, ఐదుగురిలో ఒక్కడికీ చెయ్యెత్తకపోవడం ఏంటి? పైగా లోయవైపు ఇండికేటరు. కింద ఊళ్ళో కాఫీ దగ్గర ఆగాం, కాఫీ దిగలేదు. ఏదో తేడాగా ఉంది చూసొద్దాం పదండ్రా అన్నా." ఆమె తల వంచుకుంది. దారిన పోయేవాడికి ఒక్క చూపులో అర్థమైంది. ఇరవయ్యారేళ్ళు వీపు చదివిన పండితురాలికి అలక అని అర్థమైంది.

అంబులెన్సు వచ్చేసరికి పదకొండుంబావు. నారింజరంగు బట్టల్లో నర్సు దిగుతూనే అడిగింది. "ఎప్పుడు మొదలైంది? సుమారుగా చెప్పకండి, టైము కావాలి."

"తొమ్మిదిన్నరకి రెండు చేతుల్తో రెండు సంచులు మోసుకుంటూ మెట్లు దిగాడు, తలుపు కాలితో తన్నాడు, ఎడమకాలితో," అంది రెమెదియోస్. "పావు తక్కువ పదికి కాఫీ కప్పు జారింది, గోడ గడియారం చూశాను. పదికి తొడుగు పళ్ళతో లాక్కున్నాడు. పదీ పదికి బంకు, ఇండికేటరు ఆర్పలేదు. పదిన్నర నుంచి క్లచ్ పట్టలేదు. పదీ నలభైకి వీళ్ళు ఎదురొచ్చారు, చెయ్యెత్తలేదు."

నర్సు రాసుకుంటున్నదల్లా ఆగి చూసింది. "ఇంత నిక్కచ్చిగా ఎవరూ చెప్పరండీ. ఎలా గుర్తుంది?"

"దెబ్బలాడుకున్నాం. దెబ్బలాట నేను ఒక్క ముక్క కూడా మరిచిపోను."

"మంచి పని చేశారు," అంది నర్సు. "టైముంది. ఎక్కండి."

వెనక ఎక్కింది. వెనకే కదా తన చోటు. కుడిచేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు, అది కదపకూడదు. ఎడమచెయ్యి ఆమె ఒళ్ళో, తొడుగు తీసేసి, చల్లగా, బరువుగా, అడిగి తెచ్చుకున్న వస్తువులా. మొహం పూర్తిగా తిరగదు కానీ అతని కళ్ళు తనని దాటి తలుపు అద్దంలోంచి బయటికి చూస్తున్నాయి. ఆమె తిరిగింది. కనుమ దాకా వెళ్ళొచ్చినవాడితో కలిపి ఐదుగురూ రోడ్డు అంచున వరసగా నిలబడ్డారు, ఒకడి చేతిలో ఆమె హెల్మెట్, మంచు మీదనుంచి ఏరిన మిఠాయిలు దాంట్లో. ఐదు ఎడమ చేతులు కిందికి జారి రెండేసి వేళ్ళు విప్పాయి. బండి కదిలింది. ఎలాదియో కళ్ళు ఆ వేళ్ళ మీదనుంచి ఆమె ఒళ్ళోకి వచ్చాయి, మళ్ళీ అటు వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. ఇంత మాట్లాడే కళ్ళు ఈయనకి ఉన్నట్టు వీపు వెనక కూర్చున్నన్నాళ్ళూ తెలియలేదు.

పలకరింపు నడిపేవాడిదే. ఆమె ఆ చెయ్యి అద్దం ఎత్తుకి లేపింది. తన వేళ్ళతో అతని చూపుడువేలు విప్పింది, మధ్యవేలు విప్పింది, మిగతావి తన అరచేతిలో మడిచి పట్టుకుంది. బయట ఫెర్మిన్ తల ఊపాడు. మలుపు తిరిగింది, రోడ్డు ఖాళీ అయింది, కింద లోయలో చెర్రీ చెట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె మాత్రం చెయ్యి దించలేదు. చూపుడువేలు తన ఆసరా మీద పూర్తిగా ఆనడం లేదేమో, దానంతటదే నిలుస్తోందేమో అనిపించింది, ఒక వెంట్రుకవాసి, అంతకన్నా తక్కువ. అంబులెన్సు కుదుపేమో. ఎలాదియో ఆమెకేసే చూస్తున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి, పట్టు కొంచెం వదులు చేసింది.